మందుషాపుకి సైటు చేసిన హేతువాది సంజాయిషీ

పోయిన నెల మా సంఘం సమావేశం అయిపోయాక టీ తాగుతుంటే ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచారు. "నువ్వు మందుషాపుకి వెబ్‌సైటు చేసిపెట్టావట, నిజమేనా?" అన్నారు. నిజమేనండీ అన్నాను. "ఆమధ్య జాతకాలాయన డబ్బిస్తానన్నా చేయనన్నావు కదా! మరి దీనికెలా చేశావు?" అన్నారు. టీ చల్లారేలోపు చెప్పగలిగే జవాబు కాదది. అందుకని ఇక్కడ తీరిగ్గా చెబుతున్నాను. చివరికి నేను చేసింది తప్పే అనిపిస్తే అనండి, పడతాను.

ముందు జాతకాలాయన సంగతి తేల్చేస్తాను. ఆయన అమ్మే సరుకే అబద్ధం. దాన్ని ఎంత నిజాయితీగా అమ్మినా అబద్ధమే చేతికొస్తుంది. మద్యం అలా కాదు. సీసాలో ఉన్నది సీసా మీద రాసి ఉంటుంది. దానివల్ల జరిగే హానీ నిజమే, వచ్చే మత్తూ నిజమే. అబద్ధం చొరబడేది అమ్మే పద్ధతిలో. అయితే అబద్ధం లేకుండా మద్యం అమ్మే దుకాణం ఒకటి కట్టగలమా? నేను ఈ పని ఒప్పుకున్నది డబ్బుకోసం కొంత, ఈ ప్రశ్నకోసం కొంత.

ఇది 2020 మే నెల, పుణెలో మాట. మార్చి 25 నుంచి లాక్‌డౌన్. మే 4న మద్యం దుకాణాలు తెరిచారు. ఆ క్యూలు మీరందరూ టీవీల్లో చూసే ఉంటారు. మే 8న సుప్రీంకోర్టు, జనం గుంపులు కట్టకుండా ఇంటికి చేర్చడం లాంటి పద్ధతుల గురించి రాష్ట్రాలు ఆలోచించాలని చెప్పింది. మద్యం రాష్ట్రాల జాబితాలోని అంశం కాబట్టి ఏ రాష్ట్రం దారి దానిది. మే మధ్యలో మహారాష్ట్ర ప్రభుత్వం, పర్మిట్ ఉన్నవాళ్ళకి ఇంటికి తెచ్చివ్వడానికి దుకాణాలకి అనుమతిచ్చింది.

మేం అంతకుముందు అద్దెకున్న ఇంటి దగ్గర ఒక చిన్న వైన్‌షాపు ఉంది. పదడుగుల వెడల్పు, ముందు ఇనప కటకటాలు, లోపల ముగ్గురు మనుషులు. యజమానిని నేను భావూ అంటాను, ఆయన నన్ను అణ్ణా అంటాడు. మే నెలలో ఒకరోజు ఫోన్ చేసి, "అణ్ణా, వాట్సప్‌లో ఆర్డర్లు తీసుకుంటుంటే పిచ్చెక్కుతోంది. ఒకడు 'నిన్నటిదే' అని పెడతాడు. ఒకడు ఖాళీ సీసా ఫొటో పెడతాడు. ఒకడు రెండు అంటాడు, రెండు క్వార్టర్లో రెండు ఖంబాలో చెప్పడు. చిన్న సైటు చేసిపెట్టు" అన్నాడు. ఖంబా అంటే స్తంభం. ఫుల్ బాటిల్‌కి అక్కడి పేరు.

మర్నాడు ఆయన మేనల్లుడి దగ్గర్నుంచి ఒక జాబితా వచ్చింది. కుర్రాడు ఎంబీఏ చదువుతున్నాడు. పెద్ద పెద్ద అమ్మకాల సైట్లన్నీ చూసి రాశాడు. 'రెండే సీసాలు మిగిలాయి' అని ఎర్ర అక్షరాల్లో కనపడాలి. 'ఈ ధర ఇంకా పది నిమిషాలే' అని గడియారం తిరగాలి. 'మీ పేటలో ఇప్పుడే ఒకరు కొన్నారు' అని మూలనుంచి పైకి రావాలి. బుట్టలో సోడా, వేరుశెనగలు వాటంతటవే పడాలి. వద్దనుకునేవాడు నొక్కే బటను మీద 'నాకు పార్టీ ఇష్టం లేదు' అని ఉండాలి. దీన్నంతా అతను 'యూజర్ ఫ్రెండ్లీ' అన్నాడు.

ఆ జాబితా చదువుతుంటే నాకు తాయెత్తులమ్మే బాబా గుర్తొచ్చాడు. ముహూర్తం దాటిపోతోంది అంటాడు, అది గడియారం. మీ వీధిలో ఫలానావిడకి పనిచేసింది అంటాడు, అది 'ఇప్పుడే ఒకరు కొన్నారు'. పూజతోపాటు కొబ్బరికాయలు, బట్టలు బిల్లులో కలిపేస్తాడు, అది బుట్టలో పడే సోడా. వద్దంటే 'మీ పిల్లల మేలు మీకక్కర్లేదా' అంటాడు, అది ఆ బటను. ఒక్కటీ కొత్తది కాదు. మనిషి ఆలోచించడానికి పట్టే ఆ రెండు నిమిషాలూ అతనికి దక్కకుండా చేయడమే ఇద్దరి పనీ. బాబాల దగ్గర దీన్ని ఖండించి, ఇంటికొచ్చి అదే సైట్లో కడితే నా హేతువాదం ఆదివారం సమావేశాలకే పరిమితమని అర్థం.

ఇలాంటి వాటికి 'డార్క్ ప్యాటర్న్స్' అని హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనరు 2010లో పేరుపెట్టాడు. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబరు 30న వీటిమీద మార్గదర్శకాలు ప్రకటించింది. లేని తొందర పుట్టించడం, అడక్కుండా బుట్టలో వెయ్యడం, వద్దన్నవాణ్ణి సిగ్గుపరచడం లాంటివి మొత్తం పదమూడు. మేనల్లుడి జాబితాలో వాటిలో కనీసం మూడున్నాయి. 2020లో నా చేతిలో ఆ కాగితం లేదు. "ఇవేవీ పెట్టను, పెట్టాలంటే వేరేవాణ్ణి చూసుకోండి" అని మాత్రం చెప్పాను. భావూ ఒక్క క్షణం ఆలోచించి, "కటకటాల వెనక నుంచుని నేనెప్పుడూ అలా అమ్మలేదులే" అన్నాడు. మంచి మాట. తర్వాత చాలాసార్లు దాన్నే కొలమానంగా వాడుకున్నాను. కౌంటర్లో నుంచుని మనిషి మొహం చూస్తూ చెయ్యలేని పని స్క్రీన్ మీదా చెయ్యకూడదు.

కట్టేముందు మాస్కు కట్టుకుని మూడు సాయంత్రాలు కౌంటర్ వెనక మూల కూర్చున్నాను. సైట్లు చేసేవాళ్ళకి నేనిచ్చే సలహా ఇదొక్కటే. ముందు వెళ్ళి కూర్చోండి. అక్కడ తెలిసినవి బల్ల ముందు కూర్చుంటే జన్మలో తెలిసేవి కావు.

చాలామంది బ్రాండు పేరు చదవరు. సీసా ఆకారం, లేబులు రంగు చెబుతారు. పేరు పలికినా రాయడం తలో రకంగా ఉంటుంది. కాబట్టి వెతికే పెట్టె తప్పు స్పెల్లింగులతో పనిచెయ్యాలి. ఖంబా అన్నా, ఫుల్ అన్నా, 750 అన్నా ఒకే చోటికి తీసుకెళ్ళాలి. బొమ్మ పెద్దదిగా ఉండాలి, ధర బొమ్మ పక్కనే ఉండాలి. దించుతూ పోయే మెనూలు వద్దు. మరాఠీ, హిందీ, ఇంగ్లీషు మూడూ ఉండాలి. ఫోన్లు పాతవి, తెరలు పగిలినవి, ఎండలో చూసేవి. కాబట్టి బూడిదరంగు మీద లేత బూడిదరంగు అక్షరాల ఫ్యాషన్ పనికిరాదు.

రెండోరోజు సాయంత్రం ఒకావిడ వచ్చి వైన్ సీసా అడిగింది. వయసు నలభై దాటి ఉంటుంది. ఆవిడ డబ్బిచ్చి చిల్లర తీసుకునేంతసేపూ క్యూలో మగవాళ్ళందరూ ఆవిణ్ణే చూశారు. ఒకడేదో అన్నాడు, ఇద్దరు నవ్వారు. ఆవిడ వెళ్ళాక భావూ అన్నాడు, "ఆడవాళ్ళు తాళ్ళు కట్టినట్టు దూరంగా నుంచుని, క్యూ తగ్గాక వస్తారు అణ్ణా, వచ్చినా ఇదీ సంగతి." అప్పటిదాకా నాకీ పనిమీద మనసులో పీకుతున్న శంక ఆ రోజు కాస్త తగ్గింది. ఆన్‌లైన్ దుకాణం నిజంగా ఒకరికి మేలు చేస్తుందనడానికి అంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనపడలేదు.

ఇక వయసు సంగతి. ఇలాంటి సైట్లన్నీ గుమ్మంలో ఒక ప్రశ్న అడుగుతాయి. 'మీకు వయసొచ్చిందా? అవును, కాదు.' 'కాదు' నొక్కిన కుర్రాణ్ణి మీరెవరైనా చూశారా? అది గుమ్మానికి కట్టిన నిమ్మకాయ, మిరపకాయల లాంటిది. కట్టినవాడికి ధైర్యం, దిష్టికి ఏమీ కాదు. మహారాష్ట్రలో బీరు, వైన్‌లకి 21 ఏళ్ళు, విస్కీ, రమ్ము, బ్రాందీలకి 25 ఏళ్ళు నిండాలి. పైగా తాగడానికి పర్మిట్ ఉండాలి. 1949 నాటి మద్యనిషేధ చట్టం ఇంకా పుస్తకాల్లో ఉంది మరి! ఒకరోజు పర్మిట్ ఐదు రూపాయలు, ఏడాదికి వంద, జీవితకాలానికి వెయ్యి. ఇవన్నీ కొనేవాడికి సగం తెలియవు. కాబట్టి ముందే పుట్టినతేదీ అడిగి, 22 ఏళ్ళవాడికి బీరు, వైన్ మాత్రమే చూపించాం. పర్మిట్ అంటే ఏమిటో, ఎలా తీసుకోవాలో నాలుగు వాక్యాల్లో చెప్పాం. అసలు తనిఖీ మాత్రం గుమ్మం దగ్గరే. కార్డు చూపకపోతే సీసా వెనక్కి.

ఇందులో నేను మొదట మర్చిపోయిన మనిషి ఒకడున్నాడు. సీసా పట్టుకెళ్ళే కుర్రాడు. తాగి ఉన్నవాడి గుమ్మంలో నుంచుని 'కార్డు చూపించండి సార్' అనాల్సింది వాడు, తిట్లు తినాల్సింది వాడు. మొదటి వారంలోనే ఒకాయన వాడి చొక్కా పట్టుకున్నాడు. ఆ తర్వాత ఆర్డరు ఖాయం చేసే చోట పెద్ద అక్షరాల్లో పెట్టాం: 'కార్డు చూపకపోయినా, అప్పటికే మత్తులో ఉన్నా మా మనిషి సీసా ఇవ్వడు. అది అతని నిర్ణయం కాదు, దుకాణం నియమం.' కొనేవాడొక్కడే యూజరు కాదని నాకు అప్పుడు తెలిసింది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. కౌంటర్లో కూర్చున్న మూడు సాయంత్రాల్లో ఎక్కువసార్లు విన్న మాట, "నేను మందు తాగను, బీరే." దీన్ని లెక్క కట్టి చూద్దాం. మన దగ్గర అమ్మే విస్కీలో మామూలుగా 42.8 శాతం ఆల్కహాలు. 30 మి.లీ. పెగ్గులో ఆల్కహాలు 12.84 మి.లీ. దాని సాంద్రత 0.789 కాబట్టి సుమారు 10 గ్రాములు. క్వార్టర్, అంటే 180 మి.లీ., 61 గ్రాములు. 8 శాతం ఉన్న స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో 41 గ్రాములు. అంటే ఒక్క స్ట్రాంగ్ బీరు నాలుగు చిన్న పెగ్గులు! 'రెండు బీర్లే' తాగినవాడి ఒంట్లోకి 82 గ్రాములు పోతాయి. క్వార్టర్ విస్కీ తాగినవాణ్ణి తాగుబోతంటూ వీడు వాడికన్నా ఎక్కువ తాగుతున్నాడు. 13 శాతం వైన్ సీసా 77 గ్రాములు.

అందుకని ప్రతి సీసా బొమ్మ కింద ధరంత పెద్ద అక్షరాలతో 'ఇందులో ఆల్కహాలు ఇన్ని గ్రాములు, ఇన్ని చిన్న పెగ్గులకి సమానం' అని రాశాం. నీతిబోధ లేదు. బియ్యం సంచి మీద కిలోలు రాసినట్టే.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఉత్సాహం ఎక్కువై, 'రూపాయికి ఎంత ఆల్కహాలు' అని లెక్కకట్టి, దాని ప్రకారం వరస పెట్టే బటను కూడా పెట్టాను. సమాచారం ఎంత ఎక్కువైతే అంత మంచిదని కదా మన నమ్మకం! పదహారేళ్ళుగా ఆ కౌంటర్లో పనిచేస్తున్న పెద్దాయన చూసి, "ఇది తక్కువ ఖర్చులో తొందరగా పడిపోవాలనుకునేవాడికోసం చేశారా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. నాలాంటి వాడికి అదొక ఆసక్తికరమైన లెక్క. చెయ్యి వణుకుతూ పొద్దున్నే వచ్చేవాడికి అదే దారి చూపించే బాణం. బటను తీసేశాను. సమాచారం దాచినట్టు కాదా అని మీరడగొచ్చు. గ్రాములూ ధరా రెండూ అక్కడే ఉన్నాయి, కావలసినవాడు భాగించుకోవచ్చు. వరస పెట్టడం సమాచారం కాదు, సలహా. ఆ సలహా నేనివ్వదల్చుకోలేదు. ఈ వాదనలో బలహీనత ఉందని నాకు తెలుసు. అయినా దీనిమీదే నిలబడతాను.

సరుకు గురించి రాసేచోట ఇంకో పేచీ వచ్చింది. రెడ్‌వైన్ దగ్గర 'గుండెకి మంచిది' అని రాయమన్నాడు మేనల్లుడు. జనం కూడా అదే అడుగుతారు. జలుబుకి బ్రాందీ, చలికి రమ్ము, కిడ్నీరాళ్ళకి బీరు. రమ్ము తాగితే చర్మం దగ్గరి రక్తనాళాలు విప్పారి వెచ్చగా అనిపిస్తుంది, నిజానికి ఒంట్లో వేడి బయటికి పోతుంది. బీరు తాగితే ఒంటేలు ఎక్కువవుతుంది, నీళ్ళు తాగినా అవుతుంది. గుండె సంగతి కాస్త చిక్కుది. మితంగా తాగేవాళ్ళకి, అసలు తాగనివాళ్ళకన్నా గుండెజబ్బు తక్కువని చాలా అధ్యయనాల్లో కనపడిన మాట నిజం. కానీ 'తాగనివాళ్ళ' గుంపులో జబ్బుచేసి మానేసినవాళ్ళు కలిసిపోయారు. మితంగా తాగేవాళ్ళలో డబ్బూ చదువూ ఉన్నవాళ్ళు ఎక్కువ. ఇవి సరిచేసి చూస్తే ఆ లాభం చాలావరకు కరిగిపోతోంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన మొదటి గుంపులో చేర్చింది. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, సురక్షితమని చెప్పగలిగే మోతాదు ఏదీ లేదని ప్రకటించింది. మన ఆహార ప్రమాణాల సంస్థ నిబంధనలు కూడా మద్యం లేబులు మీద ఆరోగ్య లాభాలు రాయనివ్వవు. మేనల్లుడికి ఇదంతా చెప్పలేదు. "నీ గుండెజబ్బు తాతయ్యకి ఇదే చెప్పి పోస్తావా?" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

సైటు జూన్‌లో మొదలైంది. కేరళలో మే చివర్లో వచ్చిన మద్యం టోకెన్ల యాప్ మొదటిరోజే తాకిడికి తట్టుకోలేక, ఓటీపీలు రాక జనాన్ని ఇబ్బందిపెట్టిన సంగతి చూశాం కాబట్టి, మేం ముందు వీధిలోవాళ్ళకే తెరిచి మెల్లగా పెంచాం. బాగానే నడిచింది. జనం మెచ్చుకున్నది ఒక బటను. 'మళ్ళీ అదే.' ఒక్కసారి నొక్కితే పోయినసారి ఆర్డరే వచ్చేస్తుంది. వాట్సప్‌లో 'నిన్నటిదే' అన్నవాళ్ళ కోసం చేశాను. కష్టమరు అడిగినదే ఇచ్చాను కదా! నా డిజైన్లన్నిట్లోకీ దానిమీదే నాకు గర్వం ఉండేది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం భావూ ఫోన్ చేశాడు. గొంతు మామూలుగా లేదు. ఒకావిడ దుకాణానికి వచ్చిందట, చేతిలో భర్త ఫోను. "ఈ బటను మీరే పెట్టారా? తీసెయ్యండి" అందట. ఇంతకుముందు మనిషి లేవాలి, స్నానం చెయ్యాలి, చొక్కా తొడుక్కోవాలి, నలుగురూ చూస్తుండగా రోడ్డుమీద నడవాలి. కొన్నిరోజులు ఆ నడక బద్ధకించి ఆగిపోయేవాడు. ఇప్పుడు మంచం మీద బోర్లా పడుకుని బొటనవేలు నొక్కితే చాలు. ఆర్డరు దగ్గర 'బెల్లు కొట్టకండి, గేటు దగ్గర ఫోన్ చెయ్యండి' అని రాసి ఉంది. ఆ సదుపాయం కూడా నేనే పెట్టాను.

లెక్కలు తెరిచి చూశాను. జూన్‌లో రోజుకొక క్వార్టర్. జులైలో దుకాణం తెరవగానే ఒకటి. ఆగస్టులో సాయంత్రం ఇంకొకటి. 'మళ్ళీ అదే', 'మళ్ళీ అదే', 'మళ్ళీ అదే'.

ఇక్కడ నేను జాగ్రత్తగా ఉండాలి. ఆ మనిషి తాగుడు పెరిగింది నా బటనువల్లేనని రుజువు లేదు. అది 2020. ఉద్యోగం పోయి ఉండొచ్చు, ఇంట్లో ఎవరైనా పోయి ఉండొచ్చు. బటను లేకపోయినా పెరిగేదేమో. ఆ మాట నాకు నేను చెప్పుకున్నాను కూడా. చెప్పుకుంటున్నప్పుడే తెలిసింది, నాకు అనుకూలమైనప్పుడు రుజువు అడగడం నాకెంత తేలికో. బటను తేలిక చేస్తుందన్న నమ్మకంతోనే కదా దాన్ని పెట్టింది! మెచ్చుకోలు వచ్చినప్పుడు పనిచేసిన బటను, ఫిర్యాదు వచ్చేసరికి పనిచెయ్యనిదెలా అవుతుంది?

"అతని నంబరు ఆపేస్తా, ఇవాళ్టినుంచే" అన్నాడు భావూ. వద్దన్నాను. ఎందుకో చెప్పాలంటే మా ఊరు వెళ్ళాలి.

మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడిన జిల్లా. 1993 అక్టోబరులో సారా ఆగింది, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం. మా బాబాయి రోజూ తాగే మనిషి. నిషేధం వచ్చిన మొదటిరోజు చిరాకు. రెండోరోజు చెమటలు, చేతుల వణుకు. మూడోరోజు రాత్రి గోడమీద పురుగులు పాకుతున్నాయని అరవడం మొదలుపెట్టాడు. చనిపోయిన మా తాతతో మాట్లాడాడు. గాలి సోకిందన్నారు. పక్క ఊరినుంచి భూతవైద్యుణ్ణి తెచ్చారు. వాడు వేపమండలతో కొట్టాడు, నిమ్మకాయలు కోశాడు, రెండు రాత్రులు పోయాయి. నాలుగైదుసార్లు బిగుసుకుపోయి మూర్ఛ వచ్చింది. చివరికి మా సైన్సు మాస్టారు బలవంతాన జీపులో వేయించి నెల్లూరు ఆస్పత్రికి పంపారు. అక్కడ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "మందు ఎప్పుడు మానేశాడు?" అంతే. అంతమందిమి చుట్టూ ఉండి ఎవ్వరం అడగని ప్రశ్న. ఇంజెక్షన్లిచ్చారు, విటమిన్ ఎక్కించారు, నాలుగురోజుల్లో మనిషి మామూలయ్యాడు. నేను హేతువాదినవడానికి పుస్తకాలకన్నా ముందు ఆ ఒక్క ప్రశ్న కారణం. 1997లో నిషేధం సడలించాక బాబాయి మళ్ళీ తాగాడు. 2003లో కాలేయం చెడి పోయాడు.

ఏళ్ళతరబడి బాగా తాగుతున్నవాడు ఒక్కసారిగా మానేస్తే, రెండు నుంచి నాలుగు రోజుల్లోపల ఇలా కావచ్చు, ప్రాణమూ పోవచ్చు. డాక్టరు చూస్తుండగా మానాలి. కాబట్టి సైటు ఆ మనిషిని ఉన్నపళాన ఆపేస్తే మంచిపని చేశామన్న తృప్తి మాకు మిగిలేది, ప్రమాదం అతనికి మిగిలేది. పైగా ఇంకొకరు అడిగితే వయసొచ్చిన మనిషి ఖాతా మూసెయ్యడం మొదలుపెడితే, రేపు ఆ వైన్ కొనే ఆవిడ ఖాతా ఎవరో మరిది అడిగితే మూసెయ్యాలి. అదీ ఒప్పుకోలేను.

మరేం చేశాం? 'మళ్ళీ అదే' బటను అందరికీ తీసేశాం. కొనాలంటే ప్రతిసారీ వెతుక్కుని, సీసా ఎంచుకుని, బుట్టలో వేసుకోవాలి. నిమిషం పడుతుంది. ఆ నిమిషం కొనేవాడిదే. గబగబా అమ్మడానికి దాన్ని మేం తీసుకున్నాం, తిరిగి ఇచ్చేశాం. డబ్బు కట్టేముందు 'ఈ నెలలో ఇప్పటికి మీరు కొన్నది ఇన్ని సీసాలు, ఇన్ని గ్రాముల ఆల్కహాలు, ఇన్ని రూపాయలు' అని చూపించాం. వ్యాఖ్య లేదు, ఎర్రరంగు లేదు. ఎవరి హద్దు వాళ్ళు పెట్టుకునే వీలు పెట్టాం. హద్దు తగ్గించుకుంటే వెంటనే అమలవుతుంది, పెంచుకుంటే ఒకరోజు ఆగాలి. ఖాతా కొన్నాళ్ళు మూసెయ్యమని ఎవరికి వాళ్ళే అడగొచ్చు. ప్రచారం మెసేజులు మానేశాం. అన్నిటికీ అడుగున వ్యసన విముక్తి హెల్ప్‌లైను 14446, 'హఠాత్తుగా మానకండి, డాక్టర్ని అడగండి' అని ఒక వాక్యం.

'బెల్లు కొట్టకండి' దగ్గర మాత్రం చిక్కుకుపోయాం. ఆ సదుపాయంతో ఒకడు ఇంట్లోవాళ్ళ దగ్గర దాక్కుంటాడు, ఒకావిడ వీధివాళ్ళ నవ్వులు తప్పించుకుంటుంది. చాలా ఆలోచించి ఉంచేశాం. అది సరైన నిర్ణయమేనా అంటే ఇప్పటికీ నా దగ్గర గట్టి జవాబు లేదు.

ఇక ఆ మనిషి. భావూ స్వయంగా ఫోన్ చేసి మాట్లాడాడు. "సరుకమ్మేవాణ్ణే చెబుతున్నా, ఒక్కసారి ముక్తాంగణ్‌కి వెళ్ళిరా" అన్నాడట. 1986లో అనితా అవచట్, అనిల్ అవచట్ దంపతులు పుణెలో మొదలుపెట్టిన వ్యసన విముక్తి కేంద్రం అది. రెండు వారాల తర్వాత ఆ నంబరునుంచి ఆర్డర్లు ఆగిపోయాయి. భావూ సంతోషించి నాకు పేడాలు పంపాడు. నేను తిన్నాను గానీ సంబరపడలేదు. మానేశాడా? వేరే దుకాణానికి పోయాడా? మా నిమిషం అడ్డు చూసి విసుగొచ్చి వాట్సప్‌లో ఇంకెవరికో 'నిన్నటిదే' అని పెడుతున్నాడా? మొక్కుకున్నాక జ్వరం తగ్గిందనేవాణ్ణి మనం ఎలా నిలదీస్తామో, ఇక్కడ నన్ను నేను అలాగే నిలదీసుకోవాలి. ఒక నంబరు ఆగిపోయింది, అంతవరకే నాకు తెలుసు.

దుకాణం అమ్మకాలు పడిపోయాయా అని అడుగుతారు. కొంత తగ్గాయి. ఎంతన్నది మా డిజైనువల్లో, దుకాణాలు మామూలుగా తెరుచుకోవడంవల్లో విడదీసి చెప్పలేం. భావూ మాత్రం ఆ బటను తిరిగి పెట్టమని ఎప్పుడూ అడగలేదు.

2019లో ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు కేంద్ర ప్రభుత్వం కోసం చేసిన సర్వే ప్రకారం దేశంలో సుమారు 16 కోట్లమంది మద్యం తాగుతారు. అందులో 5.7 కోట్లమందికి దానివల్ల సాయం అవసరమయ్యేంత సమస్య ఉంది. అంటే ఏ మందుషాపు సైటు తెరిచినా, ముగ్గురిలో ఒకరు అలాంటి మనిషి అయ్యుండొచ్చు. మామూలు డిజైనరు లెక్కలో ఆ ఒకరే మంచి కష్టమరు. రోజూ వస్తాడు, బేరమాడడు, ఫిర్యాదు చెయ్యడు. సైటు 'బాగా పనిచేస్తోంది' అని చూపించే అంకెలన్నీ అతనివే. యూజర్ ఫ్రెండ్లీ అనే మాటలో ఫ్రెండు ఉన్నాడు. రోజూ పొద్దున్నే క్వార్టర్ తెచ్చి మంచం దగ్గర పెట్టేవాణ్ణి మనం ఫ్రెండంటామా?

2013 ఆగస్టు 20న మా పుణెలోనే హత్యకి గురైన నరేంద్ర దాభోల్కర్ ఒక పక్క మూఢనమ్మకాల మీద పోరాడుతూనే ఇంకో పక్క సాతారాలో 'పరివర్తన్' పేరుతో వ్యసనపరులకోసం కేంద్రం నడిపారు. ఆ రెండూ వేరువేరు పనులని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. ఇప్పుడలా అనుకోను. మనిషి తన బుద్ధితో తాను నిర్ణయం తీసుకునే వీలు పోగొట్టేది బాబా అయినా, సీసా అయినా, ఫోన్లో బటనైనా, మన పని ఆ వీలు తిరిగి ఇప్పించడమే.

పెద్దాయనకి నా జవాబు ఇదండీ. మందుషాపుకి సైటు చేశాను. నాలుగు అబద్ధాలు చెప్పనన్నాను. ఒక తప్పు చేశాను, దాన్ని నేను కాదు, ఒకావిడ భర్త ఫోను పట్టుకొచ్చి పట్టుకుంది. మళ్ళీ ఎవరైనా అడిగితే చేస్తానేమో. కానీ ఈసారి కౌంటర్లో మూడు సాయంత్రాలు కూర్చుని ఊరుకోను, ఒక పొద్దున కూడా కూర్చుంటాను. సాయంత్రం వచ్చేవాళ్ళు వేరు, షట్టర్ తీసేసరికి చేతులు వణుకుతూ నుంచుని ఉండేవాళ్ళు వేరు. వాళ్ళని చూడకుండా డిజైను మొదలుపెట్టడమే నేను చేసిన అసలు పొరపాటు.